మోగని గిలకలు

వాయిద్యాల కొట్టాయన తెచ్చిన నాలుగు అట్టపెట్టెల్లో ఒక్క గిలక కూడా సరిగ్గా మోగలేదు.

ఆయన వాటిని పనిశాల మధ్యలో దించి, ఒకటి తీసి మేస్త్రి చెవి దగ్గర ఆడించాడు. కోడిగుడ్డుకంటే కాస్త పెద్దగా, గుప్పిట్లో ఇమిడిపోయే చెక్క గిలక. లోపల గింజలుంటాయి. మణికట్టు కదిపితే జల్లు జల్లుమని లయ పడాలి. ఈ ఇంటి గిలకలంటే పాటలు కట్టేవాళ్లు కళ్లు మూసుకుని కొనేవాళ్లు. ఇది మాత్రం ఎండుటాకుల్లో పిల్లి నడిచినట్టు ఉసూరుమంది.

“బడిపిల్లలకని పాటల మాస్టారు కొన్నాడయ్యా,” అన్నాడు కొట్టాయన మెడ తుడుచుకుంటూ. “అరవై మంది పిల్లలు వేదికెక్కి ఒక్కసారిగా చేతులు ఊపారు. ఏం వినబడిందో తెలుసా? మాస్టారి దగ్గు. అదొక్కటే, వెనక వరసదాకా వినబడింది. జనం ఇదేదో మూకాభినయం అనుకుని చప్పట్లు కూడా కొట్టారు.”

ఎవరూ నవ్వలేదు. మేస్త్రి ఏమీ అనలేదు. అతను కేకలు వేసేటప్పుడు కాదు, ఏమీ అననప్పుడే ఇంట్లోవాళ్లు భయపడాలి. గిలకను దిమ్మ మీద నిలబెట్టి, చెక్క చెక్కే బాడిస ఎత్తి ఒక్క వేటు వేశాడు. గిలక రెండు చిప్పలుగా విడిపోయింది. ఒక చిప్ప ఎగిరి కొట్టాయన పొట్టకి తగిలింది. దిమ్మ మీద బూడిదరంగు పిండి కుప్పగా పడింది. అందులోంచి నాలుగైదు ముక్కపురుగులు, నిద్ర లేపినందుకు విసుక్కుంటున్నట్టు, మెల్లగా బయటికి నడిచి వచ్చాయి.

రెండోది పగలగొట్టాడు. పిండి, పురుగులు. మూడోది. నాలుగోది పగలగొట్టేటప్పుడు బాడిస దిమ్మలోకి ఎంత లోతుగా దిగిందంటే, పీకడానికి కాలు తన్నిపెట్టాల్సి వచ్చింది.

“ఆవేశపడకు మేస్త్రీ,” అన్నాడు కొట్టాయన వెనక్కి ఒక అడుగు వేస్తూ. “పురుగన్నాక పడుతుంది. నేను మళ్లీ వస్తా. తొందరేం లేదు.” ఆ మాట పూర్తయ్యేసరికి ఆయన వీధిలో ఉన్నాడు.

వంటగదికీ పనిశాలకీ మధ్య గడపలో మేస్త్రి పెళ్లాం నిలబడి ఉంది. వాయిద్యాలవాళ్లు ఆమెని గింజలక్క అంటారు. ఏ గిలకలో ఎన్ని గింజలు పడాలో, ఎంత లావువి పడాలో చెవితో తేల్చేది ఆమే. మేస్త్రి లేతు యంత్రం మీద చెక్కని తిప్పి తొలుస్తాడు, అతని తమ్ముడు జిగురేసి నున్నగా రుద్దుతాడు, కానీ గిలకకి గొంతు పెట్టేది గింజలక్క. ఆ గింజలని ముందుగా వేడి ఇసుకలో వేయించాలి. చేలో ఉండగానే పురుగు గింజలో గుడ్డు పెట్టేస్తుంది, పైకి కనబడదు. అలాగే చిప్పలో పోసి మూసేస్తే లోపల పిల్ల పుడుతుంది, గింజని తింటుంది, ఇంకో పది పిల్లల్ని పెడుతుంది. ఎక్కువ వేగితే తోలు చిట్లి చప్పుడు బొంగురుపోతుంది. తక్కువ వేగితే గుడ్డు బతికిపోతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్నది చిటికెడు సమయం. పద్దెనిమిదేళ్లుగా ఆ చిటికె ఆమె చేతిలో ఉంది.

పురుగుని చూడగానే అది ఏ విడత సరుకో, ఆ గింజలు ఏ చాప మీద ఎండాయో ఆమెకి గుర్తొచ్చింది.

ఎనిమిది నెలల కిందట, ఆమె మూకుడులో ఇసుక కలియబెడుతుంటే మేస్త్రి వంటగదిలోకి వచ్చి సన్న ఉలి ఏదని అడిగాడు. “మీరే కదండీ నిన్న కిటికీలో పెట్టారు,” అంది. ఉలి కిటికీలోనే ఉంది. ఉన్నందుకే అతనికి ఒళ్లు మండింది. మూకుడు చెవి పట్టుకుని ఆమె కుడిచేతి మీద బోర్లించేశాడు. ఇసుక కాలితే నీళ్లలా జారిపోదు, అతుక్కుని కాలుతూనే ఉంటుంది. మోచేతి నుంచి మణికట్టుదాకా తోలు లేచిపోయింది. అది మానింది, నలిపి సాపు చేసిన కాగితంలా అయింది. కానీ ఆ తర్వాత చాలా రోజులు, ఇసుక వేడెక్కే వాసన తగిలితే చాలు, ఆమె కాళ్లు నిలవలేదు.

అప్పుడే చిన్నకోడలు కొత్తగా ఇంట్లోకి వచ్చింది. మేస్త్రి తమ్ముడి పెళ్లాం. ఇరవై రెండేళ్ల పిల్ల, మాట తక్కువ, చూపు ఎక్కువ. అక్క చెయ్యి కాలిందని గింజల పని తను అందుకుంది. “అక్కా, మూకుడు పెట్టనా?” అని అడిగింది మొదటి విడతకి. గింజలక్క పొయ్యి వైపు చూసింది. “వద్దులే,” అంది. “ఈసారికి చాప మీద ఎండబెట్టు. ఎండ బాగానే ఉంది, చాలు.”

చాలదని ఆమెకి తెలుసు. తెలిసే అంది.

“ఆ విడత గింజలు ఎవరు చేశారు?” అన్నాడు మేస్త్రి ఇప్పుడు.

అందరికంటే ముందు జవాబు అత్తగారి మంచం మీద నుంచి వచ్చింది. కిటికీ పక్కన పడుకుని ఆవిడ కాళ్లు కదపలేదు గాని, ఇంట్లో సూది పడితే ఆవిడకే ముందు తెలుస్తుంది. “ఇంకెవరు? పెద్దదాని చెయ్యి కాలిందని కొత్తది మూకుడు పట్టింది కదరా. నేను అప్పుడే అన్నాను, దానికి పొయ్యికీ పొంతకీ తేడా తెలీదని. నా మాట ఈ ఇంట్లో గోడకి చెప్పినట్టే.”

“ఏదీ, పిలు దాన్ని.”

పిలవక్కర్లేకపోయింది. చిన్నకోడలు పెరటి గుమ్మంలో తడి చేతులతో నిలబడే ఉంది. మేస్త్రి నాలుగడుగుల్లో ఆమె దగ్గరికి వెళ్లి, జుట్టు పట్టుకుని దిమ్మ దాకా లాక్కొచ్చాడు. ముఖం పురుగుల పిండికి ఆనేలా వంచాడు.

“ఏంటిది?”

“పురుగులు, బావగారూ.”

“కళ్లున్నాయే! మరి గింజలు వేయించేటప్పుడు ఎక్కడికి పోయాయి?”

చెంప మీద కొట్టాడు. అరచేత్తో కాదు, చేతి మడమతో. ఆమె తల పక్కకి తిరిగి దిమ్మ అంచుకి తగిలింది. పెదవి చిట్లింది. ఇంకోటి కొట్టాడు. తమ్ముడు కిటికీ కింద కూర్చుని ఒక గిలకను గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. రుద్దుతూనే ఉన్నాడు. అన్న చెయ్యి లేచినప్పుడల్లా అతని చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలయ్యేది.

“వేయించావా లేదా?”

చిన్నకోడలు తల తిప్పి గడపలో ఉన్న గింజలక్క వైపు చూసింది. అంతే. ఆ చూపులో నిష్ఠూరం లేదు, వేడుకోలు లేదు. వీధి మలుపులో బండి కోసం నిలబడ్డ మనిషి చూపులా ఉంది.

గింజలక్క వంటగదిలోకి వెళ్లింది.

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గరిటె తీసి కలియబెట్టింది, కలియబెట్టాల్సిన అవసరం లేకపోయినా. అతను చల్లబడ్డాక చెబుదాం అనుకుంది. భోజనం చేశాక చెబుదాం. మెల్లగా, అడ్డదారిలో, తప్పు ఎండ మీదకి నెట్టి చెబుదాం. ఇలాంటి లెక్కలు ఆమెకి బాగా వచ్చు. ఏ పూట ఏ మాట దాచాలో, ఏ గిన్నె ముందు కడగాలో, ఏ తలుపు చప్పుడు కాకుండా వెయ్యాలో. పద్దెనిమిదేళ్లలో ఆమెకి రెండు పక్కటెముకలు విరిగాయి, ఒక పన్ను ఊడింది. కానీ విరగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయని, అవి విరక్కుండా చూసుకుంది తన నేర్పేనని ఆమెకి లోపల్లోపల ఒక చిన్న గర్వం కూడా ఉంది. ఇప్పుడు ఆ నేర్పంతా, ఈ దెబ్బలు తనవి కాకుండా పోతున్నాయి చూసుకో అంటోంది.

పనిశాలలో బాడిస మళ్లీ పడుతోంది. మేస్త్రి పెట్టెలో గిలకలు ఒక్కొక్కటీ తీసి పగలగొడుతున్నాడు. ప్రతి దానికీ చిన్నకోడలు మోకాళ్ల మీద కూర్చుని పురుగుల్ని ఏరి నేల మీద గోటితో నొక్కాలి. “నొక్కు. చప్పుడు రావాలి. గిలకలో రాని చప్పుడు ఇక్కడైనా రావాలి.” ఒకసారి ఆమె చేతికి జానెడు దూరంలో బాడిస దిగింది. చెయ్యి లాక్కోవడం ఆలస్యమైతే వేళ్లు పోయేవి. ఆమె అరవలేదు.

“మొద్దు,” అంది అత్తగారు. “కొట్టినా పలకదు. దానికంటే ఆ గిలకలే నయం. ఒరేయ్ పెద్దాడా, ఏంట్రా ఆ పురుగులేరే సంబరం? మీ నాన్న ఉంటే ఈపాటికి పిడి తిరిగేది.”

గింజలక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

ఈ పనిశాలలో మామగారు పెట్టిన పద్ధతి ఒకటుంది. పని చెడగొట్టిన చేతిని వైసులో పెట్టడం. బల్ల అంచుకి బిగించి ఉన్న రెండు ఇనప దవడలు అవి. పిడి తిప్పితే దగ్గరకి వచ్చి చెక్కని కదలకుండా పట్టుకుంటాయి. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లని వదిలిపెట్టలేదు, కన్నకొడుకుల్ని వదిలిపెట్టలేదు. పన్నెండేళ్ల వయసులో మేస్త్రి ఒక మంచి దుంగని అడ్డంగా కోసి పాడుచేస్తే, తండ్రి అతని ఎడమచేతి చిటికెనవేలు అందులో పెట్టాడు. తల్లి భుజాలు పట్టుకుంది. ఆ వేలు ఇప్పటికీ మొదలు దగ్గర వంగి, నలిగిన మేకులా ఉంటుంది. “ఆ తర్వాత వీడు ఒక్క చెక్క చెడగొట్టాడా?” అని ఆవిడ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది, పిల్లాడికి చదువులో బహుమతి వచ్చినట్టు. పెద్దాయన పోయాక పదేళ్లుగా ఆ వైసు చెక్కల్నే పట్టుకుంది. ఆడవాళ్లు దాన్ని ముట్టుకునే పనే లేదు.

పనిశాలలో బాడిస చప్పుడు ఆగింది.

గింజలక్క గరిటె వదిలేసి గడపలోకి వచ్చేసరికి మేస్త్రి చిన్నకోడలి కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని బల్ల దగ్గరికి లాగుతున్నాడు. ఆమె మొదటిసారి గింజుకుంది. పాదాలు చెక్కపొట్టులో జారాయి. అతను మోకాలితో ఆమె నడుముని బల్లకి నొక్కి, నాలుగు వేళ్లూ దవడల మధ్యకి తోసి, రెండో చేత్తో పిడి తిప్పాడు. దవడలు వేళ్లని పట్టుకున్నాయి. ఇంకా నలపలేదు, పట్టుకున్నాయంతే.

“ఇప్పుడు చెప్పు. వేయించానని అబద్ధమైనా చెప్పు, లేదని నిజమైనా చెప్పు. ఏదో ఒకటి నోరు తెరిచి చెప్పు.”

“అన్నయ్యా,” అన్నాడు తమ్ముడు కిటికీ కింద నుంచి.

“నువ్వు రుద్దుకో.”

తమ్ముడు లేచాడు. లేచి, గరుకు కాగితం చేతిలోనే ఉంచుకుని, అక్కడే నిలబడిపోయాడు. చిన్నకోడలు మొగుడి వైపు చూడనే లేదు. బల్ల మీదకి వంగిన ముఖాన్ని కష్టం మీద పక్కకి తిప్పి మళ్లీ గింజలక్కనే చూసింది.

“నేనే చెప్పాను,” అంది గింజలక్క.

మేస్త్రి తల తిప్పలేదు. ఇంకోసారి అంది. “గింజలు వేయించొద్దని దానికి చెప్పింది నేనే. ఎండబెట్టు చాలన్నాను. దానికి తెలీదు. నాకు తెలుసు. వదిలెయ్యండి దాన్ని.”

మేస్త్రి తల తిప్పి ఆమెని చూశాడు. తర్వాత, ఆ పూట మొదటిసారి, నవ్వాడు.

“నువ్వా?”

“నేనే.”

“పద్దెనిమిదేళ్లలో నీ గింజ ఒక్కటి పుచ్చిందా? నీకు మెదడు లేదు, మాట తీరు లేదు, ఏమీ లేదు. గింజ దగ్గర మాత్రం నువ్వు తప్పు చెయ్యవు. నాకు తెలీదా? తోడికోడల్ని వెనకేసుకొస్తున్నావు.”

పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఆమెని మెచ్చుకున్నది అదే మొదలు. ఆ మెచ్చుకోలు చేస్తూనే పిడిని పావు తిప్పాడు. చిన్నకోడలి గొంతులోంచి, నోరు తెరవకుండానే, ఒక మూలుగు వచ్చింది.

“అమ్మ తోడు, నిజమే చెబుతున్నా!”

“చాల్లే నాటకం,” అంది అత్తగారు. “ఇద్దరూ కూడబలుక్కున్నారు.”

“మూకుడు నా చేతి మీద బోర్లించింది ఎవరు?” అంది గింజలక్క. అలా అంటూ బల్ల వైపు నడుస్తోంది. “నువ్వు. ఉలి కిటికీలో ఉందని చెప్పినందుకు. ఆ రోజు నుంచి పొయ్యి మీద ఇసుక పెడితే నా కాళ్లు వణికాయి. పెట్టలేకపోయాను. నీ భయానికి పెట్టలేకపోయాను. నీ గిలకల్లో పురుగు పెట్టింది నువ్వేరా.”

పద్దెనిమిదేళ్లుగా ‘మీరు’ తప్ప ఇంకో మాట రాని నోరు. అతను పురుగు మాట వినలేదు, పుచ్చిన గింజల మాట వినలేదు. ‘రా’ ఒక్కటే విన్నాడు. పిడి వదిలేసి వచ్చి, పిడికిలితో ఆమె మెడకీ భుజానికీ మధ్య కొట్టాడు. ఆమె చెక్కపొట్టులో పడింది. డొక్కలో తన్నాడు. ఇంకోసారి తన్నడానికి కాలు వెనక్కి తీసేసరికి ఆమె చేతికి కోతకి సిద్ధంగా ఉన్న దుంగముక్క ఒకటి దొరికింది. మూరెడు పొడవు, చేవ దేరిన చెక్క. పడుకునే, రెండు చేతులతో, అతను ఆనుకుని నిలబడ్డ కాలి మోకాటి చిప్ప మీద మోదింది.

అతను అరిచిన అరుపు ఆమె ఎన్నడూ వినలేదు. ఆ ఇంట్లో అలాంటి అరుపులు ఎప్పుడూ తన నోట్లోంచే వచ్చేవి. అది వినగానే ఆమెకి భయం వేయాల్సింది. వేయలేదు. ఇంకోసారి మోదింది. మోకాలికి కాదు, ఎక్కడ తగిలితే అక్కడ. తొడ మీద, మోచేతి మీద. మూడోసారి దుంగముక్క జారి లేతు కింద దొర్లింది. అతను ఒంటికాలి మీద వంగి ఆమె జడ దొరకబుచ్చుకున్నాడు.

“చంపుతాను నిన్ను. ఇవాళ చంపేస్తాను.”

జడ అతని పిడికిట్లో ఉండగానే ఆమె లేచింది. తల వెనక్కి లాగుతున్నా శరీరాన్ని ముందుకి తోసుకుంటూ, చిన్నకోడలికి ఎదురుగా, బల్లకి అవతల పక్క నుంచి దాని మీదకి పొట్ట ఆనించి పడి, చెయ్యి చాపి వైసు పిడి అందుకుంది. కుదుళ్ల దగ్గర తల వెంట్రుకలు తెగుతున్న చప్పుడు చెవిలో వినబడుతోంది. డబ్బా మూత తీయడానికి ఎటు తిప్పుతామో అటు, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, తిప్పింది.

చిన్నకోడలు కేక పెట్టింది.

ఆ కేక కింద నుంచి, ఎండు పుల్ల విరిగినట్టు, ఇంకో చిన్న చప్పుడు. ఎవరికీ వినబడి ఉండదు. గింజలక్కకి వినబడింది. వంద గింజల్లో ఒక్క తాలు గింజని పట్టుకునే చెవి అది.

“వదినా, అటు కాదు! అటు కాదు!” తమ్ముడు అరుస్తున్నాడు. “నువ్వు అవతల వైపున్నావు! ఇటు తిప్పాలి!”

ఆమె చెయ్యి పిడి మీద బిగుసుకుపోయింది, ఎటూ తిప్పలేకుండా. వెనక నుంచి మేస్త్రి ఆమె తల పట్టుకుని బల్లకేసి కొట్టాడు. నోట్లో ఉప్పగా రక్తం నిండింది. రెండోసారి కొట్టడానికి తల ఎత్తాడు గాని కొట్టలేకపోయాడు. తమ్ముడు, ముప్పై ఏళ్లుగా అన్న ముందు గొంతు పెంచని తమ్ముడు, పక్క నుంచి వచ్చి భుజంతో గుద్దాడు. ఒంటికాలి మీదున్న మనిషి తూలాడు. పెట్టెల్లోంచి దొర్లిన గిలకలు నేలంతా పరుచుకుని ఉన్నాయి. వాటి మీద కాలు పడి, జారి, వెల్లకిలా వెళ్లి లేతు ఇనప కాలికి తల కొట్టుకున్నాడు. లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. చెవి వెనక నుంచి రక్తం కాలరులోకి కారుతోంది. దాన్ని చేత్తో తాకి, వేళ్లు చూసుకుని, ఎవరిదో అర్థం కానట్టు చూశాడు.

“అయ్యో నా బిడ్డ! అన్నని చంపేశావురా చవటా!” అని మంచం మీద నుంచి అత్తగారు గుండెలు బాదుకుంటోంది.

తమ్ముడు వైసు తిప్పాడు. వేళ్లు బయటికి వచ్చాయి. చూపుడువేలు మధ్యలో పక్కకి తిరిగిపోయి ఉంది. నడిమివేలి గోరు నల్లబడి లేచింది. మిగతా రెండూ వాచాయి. చిన్నకోడలు తన చేతిని, ఇంకెవరో పట్టుకోమని ఇచ్చిన వస్తువులా, రెండో చేత్తో పట్టుకుని నిలబడింది.

“పద,” అంది గింజలక్క. ఆ ఒక్క మాటతో నోట్లోంచి రక్తం గడ్డం మీదకి జారింది.

ఇద్దరూ చెప్పుల్లేకుండానే వీధిలోకి నడిచారు. మధ్యాహ్నపు ఎండకి రోడ్డు పాదాలని కాలుస్తోంది. టీ కొట్టు దగ్గర నలుగురు మగవాళ్లు మాట ఆపి చూశారు. ఒకతను లేచి ఆటో పిలిచాడు. ఆటో అతను అద్దంలో వెనక్కి చూసి, ఎక్కడికని కూడా అడక్కుండా ఆసుపత్రికి తిప్పాడు.

ఆసుపత్రి వరండాలో చెక్కబల్ల మీద కూర్చున్నారు. ఎవరో చిన్నకోడలి చేతికి గుడ్డ చుట్టి వెళ్లారు. డాక్టరమ్మ లోపల ఇంకెవరినో చూస్తోంది.

“ఎందుకు చెప్పలేదే?” అంది గింజలక్క. “మొదటి దెబ్బకే అక్క చెప్పిందని అనేస్తే అయిపోయేది కదా. నా మీదకి వచ్చేవాడు. నాకలవాటే.”

“మీరు చెప్తారేమోనని చూశాను.”

గింజలక్క తల దించుకుంది.

“చెప్పారుగా,” అంది చిన్నకోడలు. గుడ్డ చుట్టిన చేతిని ఒళ్లోకి తీసుకుని, “కాస్త ఆలస్యంగా చెప్పారు. అన్నం ఒకటి కలిపి వచ్చారు,” అంది.

“వేలు విరిగింది నా చేతిలో.”

“తెలుసు. నా వేలేగా.” చిట్లిన పెదవి నవ్వబోతే నొప్పెట్టి ఆగింది. “పద్దెనిమిదేళ్లున్నారక్కా ఆ ఇంట్లో. ఆ పిడి ఎటు తిరుగుతుందో తెలీదా?”

గింజలక్కకి ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు ఇంకేదో కూడా వచ్చింది, దగ్గో నవ్వో. డొక్క పట్టుకుని ముందుకి వంగిపోయింది. నవ్వితే పక్కటెముక పొడుస్తోంది. ఇది కొత్తదో, పాతవాటిలో ఒకటో తేల్చుకోలేకపోయింది.

లోపలికి పిలిచారు. డాక్టరమ్మ వేలికి ఎక్స్‌రే తీయించి, కట్టు వేయించి, గింజలక్క నోరు తెరిపించి చూసి, దూదితో తుడిచి, బల్ల ముందు కూర్చుని కాగితం లాక్కుంది. పెద్దావిడ. కళ్లద్దాల పైనుంచి చూసే అలవాటు.

“ఎలా జరిగింది?”

అప్పుడే తలుపు దగ్గర తమ్ముడు కనబడ్డాడు. చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో రెండు జతల ఆడవాళ్ల చెప్పులున్నాయి. లోపలికి వచ్చి, డాక్టరమ్మకి వినబడకూడదన్నట్టు గింజలక్క వైపు వంగాడు.

“వదినా, అన్నయ్య లేచాడు. బాగానే ఉన్నాడు. నాలుగు కుట్లు పడతాయంతే. లేతులో పడిందని చెప్పమన్నాడు, చెయ్యి. నువ్వేమో మెట్ల మీద జారావని... అలా చెబితే ఇంటికి వచ్చెయ్యొచ్చంట. ఏమీ అననన్నాడు.”

“లేతులోనా?” అంది డాక్టరమ్మ. ఆమెకి వినబడింది.

ఈ గదిలోకి గింజలక్క ముందు రెండుసార్లు వచ్చింది. ఒకసారి తలుపు సందులో నలిగిందని, ఒకసారి మెట్ల మీద జారానని చెప్పింది. రెండుసార్లూ ఈవిడే కాగితం మీద ఆ మాటలు రాసింది, కళ్లద్దాల పైనుంచి చూస్తూ. అబద్ధం చెప్పినా రాసుకుంటారు, నిజం చెప్పినా రాసుకుంటారు. కలం ఒకటే.

“కాదండీ,” అంది. “వేలు విరిచింది నేను.”

కలం ఆగింది.

“చెక్క బిగించే వైసులో దాని చెయ్యి పెట్టి బిగించింది నా మొగుడు. విడిపిద్దామని వెళ్లి నేను అటు తిప్పబోయి ఇటు తిప్పాను. అతని మోకాలి మీద కొట్టింది నేనే, దుంగముక్కతో, మూడుసార్లో నాలుగుసార్లో. నా ముఖం ఇలా చేసింది అతను. ఈ చెయ్యి,” కుడిచేతి మీది చీరకొంగు తప్పించి చూపించింది, “ఇదీ అతనే. అసలు గింజలు పాడైంది నావల్ల, దాని తప్పేం లేదు. అన్నీ రాయండి. నావీ రాయండి.”

“ఇది రాస్తే పోలీసులకి కబురు పంపాలి,” అంది డాక్టరమ్మ. “రేపొచ్చి మార్చమంటే కుదరదు. ఆలోచించుకున్నావా?”

గింజలక్క చిన్నకోడలి వైపు చూసింది.

“రాయండి మేడమ్,” అంది చిన్నకోడలు. “కాస్త పెద్ద అక్షరాలతో రాయండి. మా ఇంట్లో మా అక్క నిజం చెబితే నమ్మరు.”

డాక్టరమ్మ రాయడం మొదలుపెట్టింది. కాసేపటికి తల ఎత్తి, తలుపు దగ్గర చెప్పులు పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసింది.

“మీరెవరు?”

“ఆమె భర్తని. ఈవిడ మరిదిని.”

“జరిగినప్పుడు అక్కడున్నారా?”

పెళ్లాం అతన్ని చూస్తోంది. ఇందాక గడపలో ఉన్న అక్కని చూసిన చూపే.

“ఉన్నాను,” అన్నాడు. “మొదటి నుంచీ ఉన్నాను. అంతా చూశాను.”

“అయితే కూర్చోండి. మీ మాటా రాయాలి.”

అతను ఆడవాళ్ల చెప్పులు ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, వాటిని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు.